కొండబాటలో అతిథిసేవ

పాఠ్యభాగ ఉద్దేశం: తిరుమలకు కాలినడకన వెళ్లే యాత్రికుల సహవాసాన్నీ, దారి పొడవునా వారికి లభించే ఆదరణనూ ఆధారం చేసుకొని, అతిథిసేవ అనే ప్రాచీన ధర్మం నేటికీ ఏ రూపంలో నిలిచి ఉన్నదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

'తీర్థం' అనే మాటకు దాటించేది అని వ్యుత్పత్త్యర్థం. నదిలోకి దిగడానికి, నదిని దాటడానికి అనువైన రేవుకు మొదట ఆ పేరు ఉండేది. కాలక్రమాన పుణ్యక్షేత్రాలన్నీ తీర్థాలయ్యాయి. 'అతిథి' అనే మాటకు రెండు విధాలుగా అర్థం చెబుతారు. తిథి, వారం చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అన్నది లోకంలో ప్రసిద్ధమైన అర్థం. నిరంతరం నడుస్తూ ఉండేవాడు అతిథి అన్నది రెండో అర్థం. ఈ రెండో అర్థాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. కాని ఆలోచిస్తే అందులో ఒక లోతైన సత్యం కనిపిస్తుంది. అతిథి అంటే మన ఇంటికి విందుకు వచ్చిన బంధువు కాడు. మన ఇంటి ముందు నుంచి నడిచిపోతున్న బాటసారి.

ఈ రెండు మాటలనూ పక్కపక్కన నిలిపితే తీర్థయాత్ర స్వరూపం మనకు స్పష్టమవుతుంది. యాత్రలో నడిచేవాడు ఒక సగం. వాడు నడిచే బాట పక్కన నిలబడి, వాడికి ఇన్ని నీళ్లు, పిడికెడు అన్నం, తల దాచుకోవడానికి ఇంత చోటు ఇచ్చేవాడు మిగిలిన సగం. ఈ రెండో సగం లేకపోతే ఏ యాత్రా సాగదు. తల్లినీ తండ్రినీ గురువునూ దైవాలుగా భావించమన్న తైత్తిరీయోపనిషత్తు అతిథిని కూడా ఆ వరుసలో చేర్చింది. అంతటితో ఆగక, ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి కాదనవద్దనీ, అందుకోసమే అన్నాన్ని సమృద్ధిగా సంపాదించుకొమ్మనీ ఉపదేశించింది. ఉత్త సద్భావం ఆకలి తీర్చదని, వండిన అన్నం సిద్ధంగా ఉండాలని ఆ ఋషులకు తెలుసు.

మూడు ఊళ్లు, మూడు బాటలు

పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే మూడు పట్టణాలున్నాయి. మూడూ మైసూరు పీఠభూమి అంచున ఉన్నవే. టమాటా విపణికి, చల్లని గాలికి మదనపల్లె పేరు పొందింది. పొట్టి గిత్తలకు, చిక్కని పాలిచ్చే చిన్న ఆవులకు పుంగనూరు ప్రసిద్ధం. తెలుగు, కన్నడ, తమిళ సీమలు కలిసే చోట కుప్పం ఉంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపనకు ఆ ఊరినే ఎన్నుకోవడం సముచితం.

ఈ మూడు ప్రాంతాల వారికి 'కొండ' అంటే తిరుమల కొండే. కొండకు పోయి వచ్చామంటే ఏ కొండ అని అడిగేవారుండరు. పెరటాసి నెలలోను, ధనుర్మాసంలోను, బ్రహ్మోత్సవాల వేళలోను ఈ ఊళ్ల నుంచి జనం గుంపులు గుంపులుగా కాలినడకన బయలుదేరుతారు. మదనపల్లె వారు వాయల్పాడు, పీలేరు మీదుగా నడిచి, భాకరాపేట కనుమ దిగి, రంగంపేట దాటి శ్రీనివాసమంగాపురం చేరుతారు. తిరుపతికి ఈ దారి సుమారు 120 కిలోమీటర్లు. పుంగనూరు వారికి సదుం, కల్లూరు, దామలచెరువు మీదుగా చంద్రగిరి వైపు మరొక దారి ఉంది. కుప్పం వారిది అన్నింటికన్న దీర్ఘమైన నడక. వెంకటగిరికోట, పలమనేరు దాటి, మొగిలి కనుమ దిగి, మొగిలీశ్వరునికి మొక్కి, చిత్తూరు చేరి, కాణిపాకం వినాయకుణ్ణి దర్శించుకొని వారు తిరుపతి దారి పడతారు.

చివరి మెట్టు అందరికీ ఒకటే. శ్రీనివాసమంగాపురం సమీపాన ఉన్న శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. విజయనగర ప్రభువులు చంద్రగిరిలో విడిది చేసినప్పుడు శ్రీవారి మెట్టు దారినే కొండకు వెళ్లేవారని ప్రతీతి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. కొండ మీదికి మొదటి ఘాట్ రోడ్డు 1944లో ఏర్పడింది. రెండోది 1974లో వచ్చింది. 1944కు ముందు రాజైనా రైతైనా నడిచి ఎక్కవలసిందే. నడవలేనివారిని డోలీలలో మోసుకుపోయేవారు. అనగా ఆనాడు కాలినడక అనివార్యం. ఈనాడు అది మొక్కు. మనిషి తనంత తానుగా ఎన్నుకున్న శ్రమ. బస్సులో మూడు నాలుగు గంటల్లో చేరగలిగినవాడు మూడు నాలుగు రోజులు నడుస్తున్నాడంటే, ఆ నడకలో బస్సు ఇవ్వలేనిది ఏదో అతనికి లభిస్తూ ఉండాలి.

సహయాత్రికులు

ఆ లభించేదాన్నే సహవాసం అంటాము. ఊరి నుంచి ఇరవై ముప్పై మంది కలిసి బయలుదేరుతారు. వారిలో లోగడ పది పదిహేనుసార్లు నడిచిన పెద్ద ఒకడుంటాడు. ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఏ గుడి అరుగు మీద పడుకోవచ్చునో, ఏ వంపు దగ్గర లారీలు వేగంగా వస్తాయో అతనికి కంఠస్థం. మొదటిరోజు అందరూ ఉత్సాహంగా నడుస్తారు. రెండోరోజుకు అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. బృందానికి అసలైన పరీక్ష అప్పుడే మొదలవుతుంది. బలవంతుడు ముందుకు సాగిపోవాలా, బలహీనుడి కోసం ఆగాలా? అనుభవజ్ఞులైన పెద్దలు దీనికి ఒక నియమం ఏర్పరచుకున్నారు. అందరికన్న నెమ్మదిగా నడిచేవాడి అడుగే బృందం మొత్తానికి అడుగు. వృద్ధురాలి మూటను యువకుడు మోస్తాడు. యువకుడికి ధైర్యం చాలనప్పుడు ఆ వృద్ధురాలే కథ చెప్పి నడిపిస్తుంది.

'గోవింద' నామస్మరణకు కూడా ఈ యాత్రలో రెండు ప్రయోజనాలున్నాయి. అది భక్తికి సంకేతం, సందేహం లేదు. చీకటిలో వరుస చెదరకుండా కాపాడే సాధనం కూడా అదే. ముందున్నవాడు గోవిందా అంటే వెనుకనున్నవాడు గోవిందా అని బదులు పలకాలి. బదులు వినిపించకపోతే ముందువాడు ఆగి వెనుకకు చూస్తాడు. ఒక పేరు పదిమందిని ఇలా ఒక తాటిపై నడిపిస్తుంది.

కుప్పం బాటలో ఈ సహవాసానికి మరొక శోభ ఉంది. ఒకే బృందంలో తెలుగు మాట్లాడేవారు, తమిళం మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు కలిసి నడుస్తారు. ఒకరు తెలుగులో అడిగితే మరొకరు తమిళంలో జవాబిస్తారు, ఇద్దరికీ అర్థమవుతుంది. ఊళ్లో కులం, వృత్తి, ఆస్తి అనే గోడల మధ్య బ్రతికినవారు బాట మీద ఒకే చెట్టు నీడన కూర్చుని ఒకే దుత్తలోని మజ్జిగ తాగుతారు. ఆ మూడు రోజుల సమానత్వం ఇంటికి తిరిగి వచ్చాక ఎంతవరకు నిలుస్తుందన్నది ఎవరికివారు వేసుకోవలసిన ప్రశ్న.

ఆకలిగొన్న బాలుడు

తెలుగు సాహిత్యంలో కొండబాట ఆతిథ్యానికి తలమానికం వంటి కథ ఒకటి ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) పదకవితా పితామహుడని మనకు తెలుసు. అతని జీవితాన్ని మనుమడు చిన తిరువేంగళనాథుడు 'అన్నమాచార్య చరిత్రము' అనే ద్విపద కావ్యంగా రచించాడు. ఆ గ్రంథం చెప్పే కథ ఇది.

బాలుడైన అన్నమయ్యను ఇంటివారు గడ్డి కోసుకు రమ్మని పంపుతారు. కొడవలితో కోస్తూ వేలు తెగుతుంది. ఆ బాధలో ఉండగా తిరుమలకు పోతున్న యాత్రికుల గుంపు అతని కంటపడుతుంది. ఇల్లు, పొలం మరచి వారి వెంట నడుస్తాడు. తెలియని బాలుణ్ణి ఆ గుంపు తనలో కలుపుకొంటుంది. కొండ ఎక్కుతూ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆకలితో, అలసటతో సొమ్మసిల్లి, ఒక వెదురుపొద నీడన పడిపోతాడు. అప్పుడు అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువ రూపంలో వచ్చి, ఆ బాలుణ్ణి ఊరడించి, పాదరక్షలు విడిచి కొండ ఎక్కుమని చెప్పి, ప్రసాదం తినిపిస్తుంది. ఆ అన్నం తిన్న బాలుడు ఆమెను స్తుతిస్తూ శతకం చెప్పాడని ప్రసిద్ధి.

ఈ కథను భక్తులు మహిమగా భావిస్తారు. సాహిత్య విద్యార్థి దీన్ని మరొక కోణంలోను చూడవచ్చు. దేవి ప్రత్యక్షమైన విధం గమనించండి. ఆమె సింహాసనం మీద కనిపించలేదు. అలసిపోయిన బాటసారికి అన్నం పెట్టే పెద్దావిడగా కనిపించింది. కొండబాటలో అన్నం పెట్టే ప్రతి స్త్రీలోను అమ్మవారిని చూడడం ఈ ప్రాంతం వారికి సహజమైన భావన. ఆ భావననే కవి కథగా మలిచాడు. మరొక విశేషం కూడా ఉంది. ముందు బాలుణ్ణి కలుపుకొన్నది తోటి యాత్రికులు. ఆ తరువాత అన్నం పెట్టింది అమ్మ. సహవాసం, ఆతిథ్యం అనే రెండూ లేకపోతే మనకు అన్నమయ్య లేడు.

తరిగొండ వెంగమాంబ

మదనపల్లె బాటకు తన సొంత కవయిత్రి ఒకరున్నారు. వాయల్పాడు సమీపంలోని తరిగొండ గ్రామంలో పుట్టిన వెంగమాంబ (1730–1817) బాల్యంలోనే భర్తను కోల్పోయింది. ఆనాటి ఆచారం ప్రకారం సుమంగళి చిహ్నాలు విడిచిపెట్టడానికి ఆమె అంగీకరించలేదు. తన భర్త శ్రీనివాసుడే అన్నది. పెద్దల నిందలకు వెరవలేదు. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి వద్ద ఉపదేశం పొంది, స్వగ్రామాన్ని విడిచి తిరుమల చేరింది. 'వేంకటాచల మాహాత్మ్యము', 'ద్విపద భాగవతము' మొదలైన గ్రంథాలు రచించింది. నేటికీ తిరుమల ఆలయంలో ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాలహారతి జరుగుతున్నది.

కొండకు వచ్చే యాత్రికులకు అన్నదానం, దప్పిగొన్నవారికి చలివేంద్రం ఏర్పాటు చేసినట్లు ఆమెను గురించి చెబుతారు. తన ఊరిలో తనకు చోటు లేకపోయిన స్త్రీ, చోటు వెతుక్కుంటూ వచ్చినవారికి చోటు కల్పించింది. నిరాదరణను చవిచూసినవారికే ఆదరణ విలువ తెలుస్తుంది. తిరుమలలో దేవస్థానం వారి నిత్యాన్నదాన పథకం 1985లో నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ప్రారంభమైంది. 2011లో నిర్మించిన విశాలమైన అన్నప్రసాద భవనానికి వెంగమాంబ పేరు పెట్టారు. నేడు ఏ ఊరివారైనా, ఏ కులంవారైనా అక్కడ ఒకే బంతిలో కూర్చుని భోజనం చేస్తున్నారు.

సత్రాలు, చలివేంద్రాలు

బాటసారులను ఆదుకోవడానికి మన పూర్వులు పలు ఏర్పాట్లు చేశారు. దాహానికి చలివేంద్రం, దిగుడుబావి, ఎండకు సాలవృక్షాలు, రాత్రికి మండపం, సత్రం. పాతబాటల పక్కన రెండు నిలువురాళ్ల మీద ఒక అడ్డరాయి పరచిన కట్టడాలు కొన్నిచోట్ల కనిపిస్తాయి. తలమీద బరువున్న బాటసారి వంగకుండా, మరొకరి సాయం లేకుండా తన మూటను ఆ రాతి మీదికి జరిపి కాసేపు సేదదీరవచ్చు. తిరిగి బయలుదేరేటప్పుడు అలాగే తలకెత్తుకోవచ్చు. ఇంత చిన్న అవసరాన్ని ఊహించి, దానికోసం రాయి నిలిపినవారి హృదయం ఎంత పెద్దదో కదా!

సత్రాలు దాతల దయ మీదనే నడిచేవి కావు. వాటికి మాన్యాలు రాసి ఇచ్చేవారు. ఆ పొలాల పంట మీద వచ్చే ఆదాయం బాటసారుల భోజనానికి వెచ్చించాలి. దాత మరణించినా పొయ్యి ఆరకూడదన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న దూరదృష్టి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ నీటి వసతి, దిగడానికి చోటు, దుకాణాలు ఎలా ఉన్నాయో ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. ఆనాటి బాటసారి జీవితం వీటి మీద ఎంతగా ఆధారపడి ఉండేదో ఆ గ్రంథం చదివితే తెలుస్తుంది.

అయితే పూర్వకాలమంతా బంగారుకాలమని భ్రమపడరాదు. పలు సత్రాలు కొన్ని కులాలవారికే తలుపులు తెరిచేవి. దప్పిగొన్నవాడి కులం అడిగి, దూరం నుంచి దోసిట్లో నీళ్లు పోసిన చలివేంద్రాలూ ఉండేవి. పేరు అడిగి పెట్టిన అన్నం అతిథిసేవ కాదు. మన సంప్రదాయంలోని ఉదాత్తతను గ్రహించేటప్పుడు, ఆ ఉదాత్తత అందరికీ అందలేదన్న సత్యాన్ని కూడా గ్రహించాలి. పందొమ్మిదో శతాబ్దం చివర రైలుమార్గం వచ్చాక, ఆ తరువాత బస్సులు వచ్చాక బాటసారులు తగ్గారు. చాలా సత్రాలు శిథిలమయ్యాయి. ఇటుకగోడలు కూలినా అలవాటు మాత్రం పల్లెజనంలో మిగిలిపోయింది.

ఒక రాత్రి అనుభవం

కొన్నేళ్ల క్రితం నేను, నా సహోద్యోగులు ఇద్దరు, కొందరు విద్యార్థులు మదనపల్లె నుంచి కొండకు నడిచాము. పీలేరు దాటిన తరువాత, కనుమ ఇంకా దూరాన ఉండగానే చీకటి పడింది. ఒక పల్లెలో బాట పక్కనున్న ఇంటి ముందు ఆగి, మంచినీళ్లు అడిగాము. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ లేచి వచ్చింది.

"యాడ నుంచి వస్తా ఉండారు నాయనా? కొండకేనా?"

"అవునవ్వా, మదనపల్లె నుంచి."

"పొద్దు పొయ్యింది. ఇంగ ముందర అడివి. ఈ పొద్దు ఈడే పండుకోండి. సంగటి ఇంగొక ఎసురు పెడతా, ఎంతసేపు?"

ఆ ఇంట్లోవారి భోజనం అప్పటికే అయిపోయిందని మాకు తరువాత తెలిసింది. ఆమె కోడలు మళ్లీ పొయ్యి వెలిగించింది. రాగిసంగటి, ఊరుబిండి, మజ్జిగ. అరుగు మీదనే తిన్నాము. అరుగు మీదనే నిద్రపోయాము. తెల్లవారుజామున బయలుదేరుతూ మా విద్యార్థి ఒకడు డబ్బు ఇవ్వబోయాడు. అవ్వ చేయి వెనక్కు తీసుకుంది.

"దుడ్లిచ్చి తినేదానికి అంగళ్లు ఉండాయి గదా నాయనా. ఇది అంగడి గాదు. నాకు మోకాళ్లు నొప్పులు, మెట్లు ఎక్కలేను. మీరు ఎక్కితే నేను ఎక్కినట్టే. ఆడికి పొయ్యినాక నా పేరు చెప్పి ఒక దండం పెట్టండి, చాలు."

ఆమె పేరు చెప్పింది. కొండ మీద ఆ పేరు చెప్పి మా విద్యార్థి నమస్కరించాడు. అతనికి ఆ నాలుగు రోజుల నడకలో బొబ్బల కన్న, మెట్ల కన్న ఆ మాటలే ఎక్కువగా గుర్తుండిపోయాయి. నేను కావ్యాలలో చదివి, తరగతిలో ఏళ్ల తరబడి బోధించిన అతిథిధర్మాన్ని ఆ అవ్వ నాలుగు వాక్యాలలో చెప్పేసింది. పెట్టేవారికీ తినేవారికీ మధ్య ఎక్కువతక్కువలు లేవు. ఆమె అన్నం ఇచ్చింది. మేము ఆమె దండాన్ని మోసుకుపోయాము. ఎవరి బరువు వారు మరొకరికి అప్పగించుకున్నారు. యాత్రలో సగభాగం ఇంటి అరుగు మీద కూర్చున్నవారిదే అని నాకు ఆనాడు బోధపడింది.

దేవుడు కూడా అతిథియే

తిరుమల స్థలపురాణంలో ఆతిథ్యం అడుగడుగునా కనిపిస్తుంది. ఆ క్షేత్రం మొదట వరాహస్వామిదని, శ్రీనివాసుడు ఆయన వద్ద నివాసస్థలం యాచించి పొందాడని పురాణకథ. అందుకే ముందుగా వరాహస్వామిని దర్శించుకొన్న తరువాతే వేంకటేశ్వరుణ్ణి దర్శించుకొనే ఆచారం ఏర్పడింది. పద్మావతీ పరిణయం తరువాత, కొత్త దంపతులు ఆరునెలలపాటు కొండ ఎక్కరాదన్న నియమాన్ని పాటించి, శ్రీనివాసుడు అగస్త్యుని ఆశ్రమంలో విడిది చేశాడని మరొక కథ. ఆ చోటే నేటి శ్రీనివాసమంగాపురమని భక్తుల విశ్వాసం. సాక్షాత్తూ స్వామియే ఒకచోట యాచకుడుగా, మరొకచోట అతిథిగా నిలిచాడు. మదనపల్లె యాత్రికులు సేదదీరే చివరి మజిలీ కూడా ఆ మంగాపురమే కావడం చక్కని యాదృచ్ఛికం.

ఇతర దేశాలలో

ఈ ధర్మం మనకు మాత్రమే పరిమితం కాదు. ఉగాదికి కర్ణాటక నుంచి వేలాది శివభక్తులు నల్లమల అడవుల గుండా శ్రీశైలానికి నడిచి వస్తారు. కర్నూలు సీమ పల్లెలవారు వారికి భోజనం పెడతారు. మహారాష్ట్రలో ఆషాఢమాసాన ఆళంది, దేహు నుంచి పండరిపురానికి వార్కరీలు 'దిండీ'లనే బృందాలుగా నడుస్తారు. జపానులోని షికోకు ద్వీపంలో 88 ఆలయాలను చుట్టి వచ్చే యాత్ర సుమారు 1,200 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడి గ్రామస్థులు యాత్రికులకు పండ్లు, తేనీరు, చిల్లర నాణేలు కానుకగా ఇస్తారు. ఆ ఆచారాన్ని వారు 'ఒసెత్తాయి' అంటారు. ఒంటరిగా నడిచే యాత్రికునితో కూడా కోబో దైషీ అనే మహాత్ముడు తోడుగా నడుస్తాడని వారి నమ్మకం. స్పెయిన్ దేశంలోని సాంతియాగో బాటలో స్వచ్ఛంద సేవకులు నడిపే యాత్రికుల వసతిగృహాలున్నాయి. ఇరాక్‌లో నజఫ్ నుంచి కర్బలాకు నడిచే లక్షలాది మందికి దారి పొడవునా డేరాలు వేసి ఉచితంగా భోజనం పెడతారు. మతాలు వేరు, భాషలు వేరు. బాటసారి ఆకలి ఒక్కటే.

నేటి బాధ్యతలు

నేడు పాదయాత్రకు పూర్వం లేని ప్రమాదాలు ఏర్పడ్డాయి. పూర్వపు బాటసారికి దొంగల భయం, మృగాల భయం ఉండేవి. నేటి బాటసారికి వాటికన్న వాహనాల భయం ఎక్కువ. 2024 డిసెంబరులో చంద్రగిరి సమీపంలో తిరుమలకు నడిచిపోతున్నవారిని వాహనం ఢీకొనగా ఇద్దరు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. మృగాల భయం కూడా పూర్తిగా తొలగిపోలేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడికి ఆరేళ్ల బాలిక బలైంది. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు బాట మీదికి రావడం ఆ ప్రాంతం వారికి తెలిసినదే.

కాబట్టి ఆతిథ్యానికి నేడు కొత్త అర్థం చేర్చుకోవాలి. అన్నం పెట్టడంతోపాటు ప్రాణం కాపాడడం కూడా అతిథిసేవే. "ఈ రాత్రి ఇక్కడే ఆగండి" అన్న అవ్వ మాట కన్న గొప్ప రక్షణ ఏముంది? యాత్రికులు చీకటిలో రహదారి మీద నడవకుండా ఉండడం, నడవక తప్పనప్పుడు ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున నడవడం, వెలుతురుకు మెరిసే పట్టీలు ధరించడం, పిల్లలను బృందం మధ్యలో ఉంచుకోవడం అవసరం. దారిలోని పాఠశాలలు, కల్యాణమండపాలు రాత్రివేళ వారికి తలుపులు తెరిస్తే అవే నేటి సత్రాలవుతాయి.

తీసుకొనేవారికీ కొన్ని ధర్మాలున్నాయి. ఆకలికి తగినంతే తీసుకోవాలి. పెట్టిన అన్నాన్ని పారవేయరాదు. తిన్న విస్తరిని, తాగిన నీళ్ల సీసాను రైతు పొలంలో విసిరిపోతే, మరుసటి ఏడు ఆ రైతు మన ముఖం చూడడానికి ఇష్టపడడు. అతిథిసేవను ఒక తరం పోషించాలంటే ఎంతో శ్రమ కావాలి. దాన్ని చెరచడానికి ఒక బృందం అజాగ్రత్త చాలు. పెట్టేవారు కూడా పందిరి కన్న పెద్దదిగా తమ బొమ్మల ఫ్లెక్సీ కట్టుకుంటే, అది ప్రచారమవుతుంది గాని సేవ అనిపించుకోదు. నాకు సంగటి పెట్టిన అవ్వ తన పేరు చెప్పింది నిజమే. కాని అది మాకోసం కాదు, దేవుని ముందు చెప్పడం కోసం.

మనలో అందరూ కొండకు నడవలేరు. నడవవలసిన అవసరమూ లేదు. కాని ప్రతివారి ఇంటి ముందు నుంచి ఏదో ఒక బాట సాగుతూనే ఉంటుంది. ఆ బాట మీద అలసినవాడు ఎవడో ఒకడు వస్తూనే ఉంటాడు. చదువు కోసం ఊరు విడిచి వచ్చిన విద్యార్థి, పని వెతుక్కుంటూ వచ్చిన కూలీ, ఆసుపత్రి మెట్ల మీద రాత్రి గడిపే రోగి బంధువు, వీరందరూ బాటసారులే. వారి పేరు, కులం అడగకముందే ఇన్ని నీళ్లు ఇవ్వగలిగితే, కొండబాట మన గడప దాకా వచ్చినట్టే.

ప్రశ్నలు

1. 'అతిథి' శబ్దానికి గల రెండు అర్థాలను వివరించి, పాఠ్యభాగంలో వాటి ప్రయోజనాన్ని తెలపండి.
2. బాలుడైన అన్నమయ్యకు కొండబాటలో కలిగిన అనుభవాన్ని రాయండి.
3. తరిగొండ వెంగమాంబ జీవితానికీ, ఆమె అతిథిసేవకూ గల సంబంధాన్ని చర్చించండి.
4. "ఇది అంగడి గాదు" అన్న అవ్వ మాటలోని అంతరార్థం ఏమిటి?
5. మీ ప్రాంతంలో బాటసారులకోసం పూర్వం నిర్మించిన బావి, మండపం, సత్రం వంటివి ఏవైనా ఉంటే, పెద్దలను అడిగి తెలుసుకొని ఒక వ్యాసం రాయండి.